సంగటి ఎవరు కెలుకుతారని అడిగినప్పుడు

ఇది రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. పొద్దునపూట పెన్ను వేళ్ల మధ్య నిలవదు. మధ్యాహ్నం తిని, వేడినీళ్లలో చేతులు పెట్టుకుని, మూడు దాటాక కూర్చుంటే ఒక అరగంట రాయగలను. ఆ తర్వాత అక్షరాలు కోడి గీకినట్టు తయారవుతాయి. "ఫోన్లో చెప్తే అదే రాసుకుంటాదంట కదా, ఏమిటికీ అగచాట్లు" అన్నాడు మా ఆయన. ఈ గొడవంతా నా చేతుల గురించే కాబట్టి నా చేత్తోనే రాయాలనిపించింది.

నా పేరు సుంకమ్మ. మాది ఉరవకొండ. పదో తరగతి పాసయ్యాను. పెళ్లయిన ఏడాది నుంచి ఇంట్లోనే మిషను పెట్టుకుని రవికలు కుట్టాను. మా వీధిలో ఎవరి చంక ఎంత, ఎవరి మెడ ఎంత, టేపు లేకుండా చెప్పేదాన్ని. మా ఆయన పేరు వన్నూరప్ప. మొగుడి పేరు నోటితో పలకకూడదంటుంది మా అత్త. కానీ పింఛను అప్పీలు కాగితాల్లో ఆ పేరు ఎన్నిసార్లు రాయించానో, ఇంక సిగ్గుపడి లాభం లేదు. ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. మనిషి గట్టి, మాట అంతకంటే గట్టి.

నాలుగేళ్ల కిందట శ్రావణంలో మొదలైంది. పెళ్లిళ్ల కాలం, మిషను పక్కన రవిక గుడ్డలు కుప్పగా పడి ఉన్నాయి. ఒకరోజు పొద్దున లేచి కత్తెర పట్టుకుంటే అది తెరుచుకోలేదు. కత్తెరకు తుప్పు పట్టిందనుకుని నూనె వేశాను. మరుసటి రోజూ అంతే. మూడో రోజు చెంబు మూత రాకపోతే అప్పుడు తెలిసింది, పట్టింది కత్తెరకు కాదని. వేళ్ల కణుపులు ఉబ్బి, ఎర్రగా, ముట్టుకుంటే కాలుతున్నాయి. మధ్యాహ్నానికి కొంచెం వదులయ్యేవి. వదులయ్యాయి కదా అని రెట్టింపు పని చేసేదాన్ని. మరుసటి పొద్దున రెట్టింపు శిక్ష పడేది.

మా వీధిలో సూదులు వేసే డాక్టరు ఉన్నాడు. ఆయన సూది వేస్తే రెండు రోజులు చేతులు నా మాట వినేవి. అట్లా ఆరు నెలలు గడిపాను. ఫోటో తీయించమంటే చేతుల ఎక్స్‌రే కూడా తీయించాను. ఇది పోయే జబ్బే కదా, ఫోటో ఇంకేం పనికొస్తుందిలే అనుకున్నాను. ఎక్స్‌రే షీటు మందంగా, నలగకుండా ఉంటుంది, రవిక మెడ కొలతకు అంతకంటే మంచి అచ్చు దొరకదు. గుండ్రంగా కత్తిరించి పెట్టుకున్నాను. నా వేళ్ల ఎముకల మీద చాక్‌పీసు గీసి ఊళ్లో ఆడవాళ్లకు మెడలు తీశాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పని మంచికి వచ్చిందో చెడుకు వచ్చిందో తర్వాత చెప్తాను.

సూదులు పనిచేయడం మానేశాక బళ్లారి పోయాం. అక్కడి డాక్టరు సగం కన్నడంలో, సగం తెలుగులో చెప్పాడు. ఇది కీళ్లవాతం, పోయేది కాదు, మందులు వాడుతూ ఉంటే ఎక్కడిది అక్కడ నిలుస్తుంది, మానేస్తే వేళ్లు వంకరపోయి అట్లే ఉండిపోతాయి అని. మేము మందులు రెండుసార్లు మానేశాం. మిషను ఆగిపోయింది, యార్డులో శనక్కాయ లేని నెలల్లో మూటలు లేవు. రెండోసారి మానినప్పుడు కుడి చేతి చిటికెన వేలూ పక్క వేలూ వంగి, మళ్లీ తిరిగి రాలేదు. వికలాంగుల పింఛను వస్తే మందులు ఆగవు. రాకపోతే మిగతా ఎనిమిది వేళ్లూ అదే దారి పడతాయి. నాకు తెలిసింది అంతే, భయం కూడా అంతే.

ఈలోగా ఇంట్లో ఒక్కొక్క పని నా చేతిలోంచి జారి ఆయన చేతిలోకి పోయింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మొదట నీళ్ల బిందె. తర్వాత కొళాయి తిప్పడం. ఒకరోజు రాగి సంగటి కెలకబోయి కట్టె చేతిలోంచి పడిపోయి, వేడి సంగటి కాలి మీద పడింది. మా అత్తకు కట్టె తిప్పే బలం లేదు, దగ్గరి చూపూ ఆనదు; ఆయనే వచ్చి కట్టె తీసుకున్నాడు. ఆ రోజు సంగటిలో పిండి ఉండలు ఉండలుగా ఉన్నాయి. మా అత్త ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కొడుకు వైపు చూసి, ఏమీ అనకుండా మింగింది. నిజానికి ఆ ముద్ద కుక్కకు పెట్టినా తినదు. వారం తిరిగేసరికి ఆయన సంగటి నా సంగటి కంటే నున్నగా వచ్చింది. మూటలెత్తే మణికట్లు కదా.

ఆ తర్వాత జడ. ఆ తర్వాత రవిక హుక్కులు. ఊరందరి రవికలకూ హుక్కులు కుట్టినదాన్ని, నా రవిక నేను పెట్టుకోలేక మొదటిరోజు గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు. "కదలకుండా నిలబడు మే, ఈ హుక్కులు కనపడి చావవు" అన్నాడు.

ఇదంతా మా నాలుగు గోడల మధ్యే. మా ముగ్గురికీ తప్ప ఎవరికీ తెలియదు.

పోయిన ఏడాది మాఘంలో వికలాంగుల సర్టిఫికెట్ల కోసం క్యాంపు పెట్టారని తెలిసింది. నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఆ ఒక్క రోజులోనే ఉన్నాయి, అందుకే వివరంగా రాస్తున్నాను, చదివేవాళ్లు చేయకుండా ఉండడానికి. లైన్లో నిలబడలేనేమోనని ముందురోజు పోయి సూది వేయించుకున్నాను. పొద్దున మా అత్త వావిలాకు నీళ్లు కాచి గంటసేపు చేతులు కాపింది. "డాక్టర్ల ముందరికి ఇట్ల జబ్బుదాని మాదిరి పోతావా?" అని పెళ్లిళ్లకు కట్టే చీర కట్టించి, చేతులకు సబ్బు రాసి కొత్త గాజులు ఎక్కించింది. మధ్యాహ్నం రెండున్నరకు, రోజు మొత్తంలో నా చేతులు అన్నిటికంటే బాగుండే వేళకు, నా వంతు వచ్చింది.

డాక్టరును చూడగానే లేచి నిలబడి నమస్కారం పెట్టాను. పెద్దవాళ్లు కనపడితే చేతులు వాటంతట అవే లేస్తాయి. సూది పుణ్యమా అని రెండు అరచేతులూ కలిశాయి కూడా. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

"ఇంట్లో వంట ఎవరు చేస్తారమ్మా?" అని అడిగాడు.

నా వెనక మా ఆయన ఉన్నాడు. ఆయన వెనక మా ఊరివాళ్లు ఇరవై మంది ఉన్నారు. మొగుడి చేత సంగటి కెలికిస్తాందంట అనే మాట మా దిక్కున ఒకసారి పుడితే మనిషి చచ్చినా చావదు.

"నేనే సార్" అన్నాను.

"బట్టలు?"

"నేనే సార్."

"తల దువ్వుకోవడం, చీర కట్టుకోవడం?"

"అన్నీ నేనే సార్, కొంచెం నొప్పి ఉంటాది, అంతే."

వెనక నుంచి మా ఆయన ఊపిరి గట్టిగా వదలడం వినపడింది. పరువు దక్కింది కదా అని నేను కూడా లోపల సంతోషపడ్డాను. ఆ డాక్టరును ఇప్పటికీ తప్పు పట్టను. ఆయన ముందు కొత్త గాజులు వేసుకుని, చేతులు జోడించి, అన్నీ నేనే చేస్తానన్న ఆడమనిషి నిలబడింది. ఆయన మాత్రం ఇంకేం రాస్తాడు?

ఉగాది అయ్యాక మా ఊరి సచివాలయంలో ఒక అమ్మాయి కాగితం చదివి చెప్పింది. "నలభై శాతం ఉండాలక్కా. నీకు ముప్పై వేసినారు. పింఛను తిరస్కరించినట్టు వచ్చిండాది." ఆ అమ్మాయి మంచిది. కూర్చోబెట్టి నీళ్లిచ్చింది, గ్లాసు నేను పట్టుకోలేనని చూసి తానే నోటి దగ్గర పెట్టింది. ఆ నీళ్లు తాగుతూ కూడా, చూశావా ఈ పిల్లకు ఒక్క నిమిషంలో కనపడింది అక్కడ ఎందుకు కనపడలేదు అని ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక ఇద్దరం కొట్లాడుకున్నాం.

"నువ్వే కదా అన్నీ నేనే చేస్తా అంటివి" అన్నాడు ఆయన.

"నువ్వు వెనకాల గుంజ మాదిరి నిలబడితివి కదా. ఒక్క మాట అంటే నీ నోట్లో ముత్యాలు రాలిపోతాయా?"

"ఏం చెప్పమంటావు మే, పెండ్లానికి జడలేస్తా అని చెప్పల్నా అందరి ముందర?"

నాలుగు రోజులు మాటల్లేవు. మాట్లాడకపోయినా పొద్దున్నే సంగటి కెలికేవాడు, జడ వేసేవాడు. కాకపోతే కోపమంతా నా వెంట్రుకల మీద చూపించేవాడు. కళ్లు లాగుకుపోయేంత బిగువుగా వేసేవాడు. నేను కూడా పంతానికి అబ్బా అనలేదు.

వైశాఖంలో కోర్టులో ఊడ్చే ఆమె ఎప్పుడో ఇచ్చిన రవిక గుడ్డలు తిరిగి తీసుకుపోవడానికి వచ్చింది. ఇంక మళ్లీ కుట్టలేనని తేలిపోయి, దాచిపెట్టిన గుడ్డలు ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తున్న రోజులవి. నా కాగితం చూసి, "కోర్టు కాంపౌండులో ఒక గది ఉండాది సుంకమ్మా. ఆడోళ్లకు దుడ్లు తీసుకోకుండా లాయర్ను ఇస్తారు. పో, అడిగితే పోయేదేముండాది" అంది. మా ఇళ్లలో కోర్టు అంటే పొలం గట్టు తగాదా, తాత మొదలుపెడితే మనవడు కూడా తిరిగేది. మా అత్త వద్దే వద్దంది. నేను పోయాను. అక్కడ బెంచీ మీద కూర్చుని లేవలేక అవస్థ పడుతుంటే, అటెండరు లోపలికి పోయి చేతులున్న కుర్చీ తెచ్చి వేశాడు. నేను అడగలేదు. అతనికి నా పేరు కూడా తెలియదు.

లాయరు పేరు ప్రసన్న. ముప్పై ఏళ్లు ఉంటాయేమో. విడపనకల్లు దగ్గర పల్లెలో కూలికి పోయే ఇంట్లో పుట్టి చదువుకున్నానని తర్వాత చెప్పింది. నేను కాగితం ఇచ్చి, "అన్నీ చేసుకుంటా మేడం, కొంచెం నొప్పి అంతే" అన్నాను. అలవాటైపోయింది.

ఆమె పెన్ను కింద పెట్టింది. "కొంచెం నొప్పికి ఈ ఎండలో ఇంత దూరం వచ్చినావా అక్కా?"

నేను కొంగుతో చెమట తుడుచుకున్నాను.

"సరే, పొద్దున లేస్తానే మొదట ఏం చేస్తావు?"

"మొహం కడుక్కుంటా."

"కొళాయి ఎవురు తిప్పుతారు?"

"మా ఆయన."

"పేస్టు మూత?"

"ఆయనే."

"తర్వాత?"

"టీ తాగుతా."

"ఎవురు పెడతారు? గ్లాసు ఎట్ల పట్టుకుంటావు?"

అట్లా లేచిన దగ్గర నుంచి పడుకునే దాకా, ఒక్క పని వదలకుండా అడిగింది. ఏం చేయగలవు అని ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరు చేస్తారు అనే అడిగింది. హుక్కుల దగ్గరికి వచ్చేసరికి ఏడ్చేశాను. ఆమె లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చి, నేను ఏడవడం అయ్యేదాకా ఊరికే కూర్చుంది. చివరికి రెండు పేజీలు అయ్యాయి. అందులో నా పేరు కంటే మా ఆయన పేరే ఎక్కువసార్లు ఉంది. మూడేళ్లుగా ఆ మనిషి ఏం చేస్తున్నాడో నాకే మొదటిసారి అర్థమైంది. నాలుగు రోజులు మాట్లాడకుండా ఉన్నందుకు సిగ్గేసింది.

"అబద్ధం చెప్పినాను మేడం ఆ రోజు" అన్నాను.

"పరువు కాపాడుకున్నావులే. మెడికల్ బోర్డోళ్లకు పరువు కనపడదు, రాసింది కనపడతాది. అప్పీలు వేసి మళ్లీ రాపిద్దాం" అంది.

పాత కాగితాలన్నీ తెమ్మంది. బళ్లారి చీటీలతో పాటు, వేరే దారి లేక, మెడ కత్తిరించిన ఎక్స్‌రే కూడా తీసుకుపోయాను. ఆమె దాన్ని కిటికీకి ఎదురుగా పట్టుకుంది. సగం చెయ్యి ఉంది, సగం చేతి బదులు గుండ్రంగా ఆకాశం కనపడింది. కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నేనూ నవ్వాను. జబ్బు వచ్చాక నేను బయట మనుషుల ముందు నవ్వింది అదే మొదలు. నా అదృష్టం, మూలన పేరూ తేదీ ఉన్న ముక్క కత్తెరకు దొరకలేదు. "మూడేండ్ల కిందటే మొదలైందని దీని మీద ఉండాది, ఇట్లనే పెడదాం" అని ఫైల్లో చేర్చింది. అప్పీలుకు గడువు ఇంకా రెండు వారాలే మిగిలింది. ఆ రెండు వారాల్లోనే అన్నీ రాసి, కట్టి, పంపించి, అందినట్టు రసీదు నా చేతిలో పెట్టింది. ఒక్క పైసా తీసుకోలేదు.

కాగితాలు పంపకముందు చిక్కంతా మా ఆయన దగ్గర వచ్చింది. ఇంట్లో పనులు తానే చేస్తున్నట్టు ఆయన సంతకం పెట్టిన వాంగ్మూలం కావాలంది ప్రసన్న మేడం. ఆయన కాగితం చదివించుకుని విని, పెన్ను టేబుల్ మీద పెట్టేశాడు.

"ఇది యార్డులో తెలిస్తే నా మొహం యాడ పెట్టుకోవల్ల మేడం? పెండ్లాం రవికకు హుక్కులు పెట్టేవాడని పిలుస్తారు నన్ను. సచ్చేదాకా అదే పేరు."

నాకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం ఒత్తిడి చేయలేదు. "సంతకం వద్దులే అన్నా. బోర్డు కాడికి మాత్రం రా. వచ్చి అక్కకు తోడు నిలబడు, అంతే" అంది. నాకు మాత్రం గట్టిగా చెప్పి పంపింది. సూది వేయించుకోవద్దు, చేతులు కాపించుకోవద్దు, ఇంట్లో ఎట్లా ఉంటావో అట్లే రా, అడిగింది అడిగినట్టు చెప్పు అని.

శ్రావణం మొదట్లో బోర్డు పిలిచింది. మొదటి బస్సుకు అనంతపురం పోయాం. కాపడం లేదు, సూది లేదు. ఆ గంటన్నర ప్రయాణం ఇప్పుడు రాయాలన్నా చేతులు ముడుచుకుంటాయి. కమ్మీ పట్టుకోలేకపోతే మా ఆయన నా రెండు భుజాలూ పట్టుకుని, నన్ను ఒక మూట మాదిరి తన ఒంటికి ఆనించుకుని నిలబడ్డాడు. దారంతా భయమే. ఈసారి కూడా ముప్పై అంటే ఇంక అడగడానికి మనిషి లేడు.

హాల్లో ప్రసన్న మేడం అప్పటికే వచ్చి ఉంది. వేరే కేసు వదిలేసి వచ్చానని చెప్పలేదు, ఫోన్లో ఎవరికో సారీ చెప్పుకుంటుంటే విన్నాను. మా వెనక వంతు గుమ్మఘట్ట నుంచి వచ్చిన ఒకాయనది. ఆయన భార్యకు పక్షవాతం. "మా ఆమె అన్నీ చేసుకుంటాది అన్నా, నడకే కొంచెం" అని మా ఆయనతో చెప్పుకుంటున్నాడు. మా ఆయన ఊఁ కొట్టాడు.

బోర్డులో ఈసారి ఒక పెద్దావిడ డాక్టరు. నా వేళ్లు ఒక్కొక్కటీ పట్టుకుని చూసింది. ఎక్స్‌రే ముక్క చూసి కళ్లజోడు సవరించుకుంది. తర్వాత అదే ప్రశ్న వచ్చింది.

"వంట ఎవరు చేస్తారమ్మా?"

నిజమే చెప్పాలని ఎన్నిసార్లు అనుకుని వచ్చానో. అయినా తలుపు తెరిచే ఉంది, లైనంతా వింటోంది, నా నోట్లోంచి "నేనే" అని సగం బయటికి వచ్చేసింది.

"అది చెయ్యదు మేడం" అన్నాడు మా ఆయన. రెండడుగులు ముందుకు వచ్చాడు. యార్డులో మూట లెక్క చెప్పే గొంతే. మెల్లగా మాట్లాడడం ఆయనకు రాదు. "నేను చేస్తాండా. సంగటి నేనే కెలుకుతా. కొళాయి తిప్పేది నేనే. దీనికి జడ నేనేస్తా. రవిక హుక్కులు నేనే పెడతా. మూడేండ్లాయ. పోయినసారి క్యాంపులో అడిగినప్పుడు అబద్ధం చెప్పింది, నా మొహం చూసి. తప్పు నాది, రాసుకోండి."

హాలు మొత్తానికి వినపడింది. ఎవరో ఒకడు కిసుక్కుమన్నాడు కూడా. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల దించలేదు. డాక్టరమ్మ ఆయనతో "కూర్చోండి నాయనా" అని, ఒక్కొక్కటీ మళ్లీ అడిగి రాసుకుంది. నేను నేల చూస్తూ కూర్చున్నాను. ఆయన మీద అంత ప్రేమ నాకు పెళ్లినాడు కూడా లేదు.

మేము బయటికి వస్తుంటే గుమ్మఘట్ట ఆయన భార్యను నడిపించుకుంటూ లోపలికి పోయాడు. వంట ఎవరు చేస్తారని అడగడం వినపడింది. ఆయన భార్యను ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. తర్వాత "నేనే మేడం" అన్నాడు ఆయన.

నెల తర్వాత కాగితం వచ్చింది. నలభై దాటింది. పింఛను మంజూరైంది, మందులు అప్పటి నుంచి ఒక్కరోజు ఆగలేదు. వంగిన రెండు వేళ్లూ వంగే ఉన్నాయి, మిగతా ఎనిమిది నిలిచాయి. యార్డులో నిజంగానే కొన్నాళ్లు ఏడిపించారట. "ఏమప్పా వన్నూరూ, ఈ పొద్దు ఏం జడ, మామూలుదా, పాయలదా?" అని. ఆయన వాళ్లను తిట్టాల్సినవి తిట్టి, ఇంటికొచ్చి నాకు చెప్పి, తానే నవ్వాడు.

నేను ఎందరికో రుణపడ్డాను. నీళ్లు తాగించిన అమ్మాయికి, కుర్చీ వేసిన అటెండరుకు, దారి చెప్పిన ఆమెకు, ఉండల సంగటి మాట్లాడకుండా మింగిన మా అత్తకు. ప్రసన్న మేడంకు ఏమివ్వాలో తెలియక అడిగితే, "నాకేమొద్దు. మంగళవారం నీ మాదిరి వాళ్లు వస్తాండారు. వచ్చి వాళ్లతో కూర్చో" అంది. ఆ గదిలో మంగళవారాలు కూర్చుంటున్నాను.

పోయిన వారం నలభై ఏళ్ల ఆడమనిషి వచ్చింది. నడుము పడిపోయింది, కాగితం తిరగ్గొట్టారు. కొత్త చీర కట్టుకుని, పూలు పెట్టుకుని వచ్చింది. "ఇంట్లో పనులెట్ల?" అని అడిగాను.

"అన్నీ నేనే చేసుకుంటా అక్కా" అంది.

ఆమెను వదిలేసి, వెనక గోడకు ఆనుకుని నిలబడిన ఆమె తండ్రి వైపు తిరిగాను. తలపాగా చేతిలో పట్టుకున్న ముసలాయన.

"నాయనా, ఈమెకు ఈ పొద్దు చీర ఎవురు కట్టినారు?"

ఆయన కూతురి వైపు చూశాడు. కూతురు వద్దన్నట్టు తలూపింది.

"నేనేమ్మా" అన్నాడు.